క్రొత్త బండికి పిట్టగోడ

(చదువవలసిన వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8)



ఈ నెల మా పెద్దమ్మాయి ఇంటి సంగతి ఒకటి మీతో పంచుకోవాలని ఉంది. అది కారు కొనే సంగతి. "మాకు సైకిలే గతి, కారు మాటలు మాకెందుకు?" అని పేజీ త్రిప్పివేయకండి. చివరికి ఈ మాట మీ మోటారు సైకిలు దాకా, ట్రాక్టరు దాకా వస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు గారు స్వీడన్ దేశంలో గోతెన్‌బర్గ్ పట్టణంలో ఉంటున్నారు. వారికి ఐదేండ్ల బాబు, పది నెలల పాప. వారి పాత చిన్న కారులో పాప తోపుడు బండి పెడితే కూరగాయల సంచికి చోటుండదు. అందుచేత గత సంవత్సరం క్రొత్త కారు ఆర్డరు ఇవ్వాలనుకున్నారు. కొంచెం ఖరీదైనదే, స్టేషన్ వ్యాగన్ అనే రకం.

మన ఊళ్లలో ఈ రకం అరుదు గనుక రెండు మాటలు చెబుతాము. మామూలు కారుకు వెనుక డిక్కీ వేరుగా ఉంటుంది. వ్యాగనుకు పైకప్పు చివరిదాకా సాగి, వెనుక తలుపు పైకి తెరుచుకుంటుంది. మనుషులు, సామాను ఒకే కప్పు క్రింద ప్రయాణం చేస్తారు. అమెరికాలో రైలు దిగినవారిని, వారి పెట్టెలను స్టేషను నుండి ఇళ్లకు చేర్చే బండ్లను బట్టి ఆ పేరు వచ్చింది. ఇంగ్లండులో దీనిని ఎస్టేట్ అంటారు. మన దేశంలో కూడా 1992లో టాటా వారు 'టాటా ఎస్టేట్' అనే కారు తెచ్చారు. గోతెన్‌బర్గ్‌లో 1927లో మొదలైన వోల్వో కంపెనీ 1953లో 'డ్యూయెట్' అనే వ్యాగన్ చేసింది. పనిదినాలలో సరుకులకు, సెలవునాడు కుటుంబానికి, రెండింటికీ ఒకే బండి కావాలని దాని ఉద్దేశం.

ఇటువంటి బండి మన బైబిలులో కూడా ఉంది. ఆదికాండము 45వ అధ్యాయములో యోసేపు ఐగుప్తు నుండి బండ్లు పంపాడు. ఎవరి కోసం? పసిబిడ్డల కోసం, స్త్రీల కోసం, ముసలివాడైన తండ్రి కోసం. ఈ మాట జ్ఞాపకముంచుకొనండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము.

ఆ దేశాలలో చాలామంది కారు కొనేటప్పుడు షోరూములో నిలబెట్టిన బండిని తోలుకు రారు. ఏ రంగు, ఏ ఇంజను, ఏ సీట్లు, ఏ ఏ అదనపు వస్తువులు కావాలో ఒక పట్టికలో గుర్తు పెట్టి ఆర్డరు ఇస్తారు. ఫ్యాక్టరీవారు ఆ ప్రకారం బండి తయారుచేసి పంపుతారు. అందుకు కొన్ని నెలలు పడుతుంది. గడువు దాటిన తరువాత పట్టికలో మార్పు చేయడానికి వీలుండదు. గనుక ఆ పట్టిక నింపడం పెండ్లి సంబంధం ఖాయపరచినంత పని.

ఒక శనివారం రాత్రి వీడియో కాలులో అల్లుడు గారు ఆ పట్టికను మాకు చూపించారు. పైకప్పంతా అద్దం. ఇరవై అంగుళాల పెద్ద చక్రాలు. వీపు మర్దన చేసే ముందు సీట్లు. చుట్టూ స్పీకర్లతో గొప్ప సంగీత యంత్రం. మెత్తని తోలు గద్దెలు. వీటన్నిటికీ ఆయన టిక్కు పెట్టారు. కలిపితే మన రూపాయలలో ఐదు లక్షలు దాటుతుంది. పట్టిక క్రింది భాగంలో పిల్లల సీట్లు, సామాను వల, ప్రక్కన వచ్చే బండిని తెలిపే ఏర్పాటు ఉన్నాయి. ఆ గడులు ఖాళీగా ఉన్నాయి.

"నాన్నా, మీరేమంటారు?" అని అమ్మాయి అడిగింది.

మాకు వెంటనే నోట మాట రాలేదు. ఎందుకో ఈ శీర్షికలో ఇంతవరకు వ్రాయలేదు. ఈ నెల వ్రాస్తున్నాము.

2012లో మేము మా మొదటి కారు కొన్నాము. ఆ రోజులలో మన దేశంలో చిన్న కార్లకు గాలి సంచులు, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి కావు. మేము ఎంచుకున్న బండిలో అవి ఉన్న రకం సుమారు నలభై వేలు ఎక్కువ. అవి లేని రకమే తీసుకున్నాము. ఆ మిగిలిన డబ్బుతో వెల్వెట్ సీటు కవర్లు వేయించాము, పాటల పెట్టె పెట్టించాము, బంపరుకు మెరిసే పట్టీ కొట్టించాము. మందిరం ముందు నిలిపి పాస్టరు గారిచేత ప్రార్థన చేయించుకున్నాము. అందరూ బాగుందన్నారు. మాకు లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

అదే సంవత్సరం డిసెంబరులో ఒక పెండ్లి నుండి రాత్రివేళ తిరిగి వస్తున్నాము. కోతల కాలం. రోడ్డు మలుపులో ధాన్యపు బస్తాల ట్రాక్టరు ట్రక్కు ఆగి ఉంది. దానికి వెనుక దీపం లేదు. మేము బ్రేకు తొక్కాము. చక్రాలు బిగిసిపోయి బండి జారుకుంటూ వెళ్లి ట్రక్కుకు తగిలింది. మేము బెల్టు పెట్టుకున్నాము. పట్టుచీర నలుగుతుందని మా ఇంటావిడ పెట్టుకోలేదు, మేమూ పెట్టుకోమని చెప్పలేదు. ఆమె ముఖం ముందున్న పలకకు కొట్టుకుంది. ప్రాణం దక్కింది. ఎడమ కంటి చూపు మాత్రం తిరిగి రాలేదు. నేటికీ ఆమె బైబిలు చదివేటప్పుడు పుస్తకాన్ని కొంచెం కుడివైపుకు జరుపుకుంటుంది. ఆ నలభై వేల మాట ఆమె ఒక్కసారి కూడా మా ముఖాన అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బరువుగా ఉన్నది.

ఆసుపత్రిలో ఉన్న దినాలలోనే ద్వితీయోపదేశకాండము 22:8 మా కంటబడింది. అంతకు ముందు ఎన్నోసార్లు చదివి దాటిపోయిన వచనమే. క్రొత్త ఇల్లు కట్టినవాడు దాని పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవడైనా అక్కడనుండి పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది అని దాని భావం. ఆ దేశంలో ఇండ్ల పైకప్పులు చదునుగా ఉండేవి. అక్కడ పండుకొనేవారు, జనుప కట్టెలు ఆరబెట్టేవారు, ప్రార్థించేవారు. ఇల్లు ఎంత అందంగా ఉండాలో ఈ ఆజ్ఞలో లేదు. పైకి ఎక్కినవాడు పడకుండా ఉండాలని మాత్రం ఉంది. పిట్టగోడ కట్టించుట ఇంటి యజమాని దయ కాదు, అతని బాధ్యత.

ఇదంతా ఆ రాత్రి పిల్లలకు చెప్పాము. అంతా విన్న తరువాత మా ఇంటావిడ ఫోను తీసుకుని, "బాబూ, తరువాత పెట్టించుకోలేనివి ముందు వ్రాయండి. తరువాత కొనుక్కోగలవి తరువాత చూద్దాం" అన్నది.

ఆ మాటే మాకు దారి చూపింది. పట్టికను మళ్లీ మొదటినుండి చదివాము.

తరువాత పెట్టించుకోలేనివి ఏవి? ఐరోపా సమాఖ్య దేశాలలో 2024 జూలై నుండి అమ్మే ప్రతి క్రొత్త కారులోను, ఎదుట అడ్డం వస్తే తనంతట తానే బ్రేకు పడే ఏర్పాటు ఉండాలని చట్టం. గనుక అది అడగకుండానే వస్తుంది. కాని ప్రక్కన కనబడని చోట బండి వస్తే అద్దంలో దీపంతో హెచ్చరించే ఏర్పాటు వారి పట్టికలో అదనపు వస్తువు. బాబు కోసం వెనుక సీటులోనే అమర్చి ఉండే ఎత్తు గద్దె అదనం. ఆ గద్దె ఎందుకంటే, పెద్దవారి కోసం చేసిన బెల్టు పిల్లవాని మెడకు, పొట్టకు అడ్డంగా పడుతుంది. గద్దె వానిని పైకి లేపితే బెల్టు భుజం మీదుగా, తొడల మీదుగా సరిగా కూర్చుంటుంది. వెనుక బరువు పడినా బండి కుంగకుండా నిలిపే ఏర్పాటు మరొకటి. ఇవన్నీ ఫ్యాక్టరీలో వేయవలసినవి. తరువాత వేయించాలంటే వీలుపడదు, లేదా రెండింతలవుతుంది.

బెల్టు మాట వచ్చింది గనుక ఒక సంగతి. భుజం మీదుగా, నడుము మీదుగా మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టును నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు వోల్వోలో రూపొందించాడు. 1959లో అది కార్లలోకి వచ్చింది. దానిపై హక్కు తమదే అయినా, ప్రాణాలు కాపాడే వస్తువు గనుక తక్కిన కంపెనీలన్నీ వాడుకోవచ్చునని వారు విడిచిపెట్టారు. నేడు మన ఊరి టాక్సీలో ఉన్నది కూడా ఆ బెల్టే. తన ఇంటికి కట్టిన పిట్టగోడ పొరుగువానికి కూడా ఉపయోగపడడం అంటే ఇదే.

పాప సంగతి వేరు. స్వీడన్‌లో కనీసం నాలుగేండ్లు వచ్చేవరకు పిల్లలను కారు వెనుక వైపుకు ముఖం పెట్టి కూర్చోబెట్టమంటారు. పసిబిడ్డకు తల బరువు, మెడ బలహీనం. ముందునుండి దెబ్బ తగిలితే సీటు వీపే బిడ్డ తలను, మెడను కాచుకుంటుంది. అటువంటి సీటును ముందు ప్రక్కన పెడితే అక్కడి గాలి సంచిని తప్పనిసరిగా ఆపివేయాలి. లేకపోతే అది విచ్చుకుని బిడ్డకే ప్రాణాంతకమవుతుంది. ఆపే మీట ఉన్నదా అని పట్టికలో చూచుకోవాలి. మా అమ్మాయి వాళ్లు పాప సీటును షోరూముకు మోసుకువెళ్లి, అక్కడి బండిలో బిగించి చూచారు. అది బిగించాక ముందు కూర్చున్నవారి మోకాళ్లకు చోటు మిగిలిందా అని కూడా చూచారు. బొమ్మలో ఇది తెలియదు.

వ్యాగనుకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. సామానుకు, మనుషులకు నడుమ గోడ లేదు. బ్రేకు గట్టిగా పడితే వెనుకనున్న పెట్టె ఎగిరి వచ్చి కూర్చున్నవారి తలకు తగులుతుంది. అందుకే సీటు వెనుక నుండి పైకప్పు దాకా బిగించే వల గాని, ఇనుప జాలీ గాని ఉండాలి. ఇది తరువాత కొనుక్కోగలిగినదే, కాని వాయిదా వేయదగినది కాదు.

ఇక పెద్ద చక్రాలు. చక్రం పెద్దదైనకొద్దీ చుట్టూ రబ్బరు పలుచన. గోతిలో పడితే దెబ్బ చక్రానికే, కుదుపు మనకే. పైగా స్వీడన్‌లో డిసెంబరు 1 నుండి మార్చి 31 వరకు రోడ్డు మీద మంచు పరిస్థితి ఉంటే చలికాలపు టైర్లు వేయాలని చట్టం. రెండు జతల టైర్లు కొనాలి. చక్రం పెద్దదైతే రెండు జతలూ ఖరీదే. అద్దపు కప్పు బరువు పెంచుతుంది. సంగీత యంత్రం లేకపోయినా పాట ఆగదు.

అల్లుడు గారు కొంతసేపు మౌనంగా ఉన్నారు. తరువాత అన్నారు: "మామయ్య గారూ, మీరన్నది నిజమే. కాని ఒక్క మాట. మా నాన్న జీవితమంతా కూలికి వెళ్లాడు. లారీ వెనుక బస్తాల మీద కూర్చుని పనికి పోయేవాడు. ఆయనను ఒక్కసారి కూడా మెత్తని సీటులో కూర్చోబెట్టలేకపోయాను. ఈ టిక్కులు పెట్టేటప్పుడు నాకు ఆయనే గుర్తుకు వచ్చాడు."

పాఠకులారా, పిల్లలు ఖరీదైన వస్తువులు కోరుకున్నప్పుడు మనం తొందరపడి "లోకాశ" అంటాము. ఆ కోరిక వెనుక ఏ దుఃఖం ఉన్నదో అడగము. మేము కూడా అడగలేదు. ఆ రాత్రి మాకు సిగ్గు వేసింది.

అప్పుడు మా అమ్మాయి మెల్లగా, "మరి అత్తయ్య వేసవిలో వస్తారు కదా. ఆమె ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగింది. ఆమె కూర్చునేది ముందు మర్దన సీటులో కాదు, వెనుక, మనవల మధ్య. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆరు నెలలు ఉండాలని వస్తున్నారు గనుక చలికాలం కూడా తగులుతుంది. పట్టికలో వెనుక సీట్లను వెచ్చబరచే ఏర్పాటు ఉన్నది. దాని ధర మర్దన సీట్ల కంటే చాలా తక్కువ. అది కూడా ఫ్యాక్టరీలో వేయవలసినదే. అల్లుడు గారు తామే దానికి టిక్కు పెట్టారు. యోసేపు బండ్లు తండ్రి కోసం వెళ్లాయి. ఈ బండి తల్లి కోసం.

సంఖ్యాకాండము 7వ అధ్యాయములో ఇశ్రాయేలు ప్రధానులు ఆరు గూడు బండ్లు, పండ్రెండు ఎద్దులు అర్పించారు. మోషే వాటిని అందరికీ సమానంగా పంచలేదు. తెరలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, పలకలు, స్తంభాలు మోసే మెరారీయులకు నాలుగు ఇచ్చాడు. పరిశుద్ధ వస్తువులను భుజాల మీద మోయవలసిన కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు. ఎవరి పనిని బట్టి వారికి. పొరుగువాని బండిలో ఏమున్నదో చూచి కాదు, మన ఇంట్లో ఎవరు ఎక్కుతారో, ఏమి మోస్తారో చూచి ఎంచుకోవాలి.

ఆ విధంగా ఆర్డరు వెళ్లింది. సంతకానికి ముందు కాగితం ప్రతి వరుస చదివారు. అందే తేదీ వ్రాయించుకున్నారు. బండి వచ్చిన దినాన ఆ కాగితం చేతపట్టుకుని ఒక్కొక్కటి సరిచూచుకుని తాళం తీసుకున్నారు. అద్దపు కప్పు లేదు. మామూలు చక్రాలు. మిగిలిన డబ్బులో కొంత అప్పు తగ్గించుకున్నారు. కొంత అల్లుడు గారి ఊరి సంఘానికి వచ్చింది. ఆ డబ్బుతో వారి మందిరం మేడమెట్లకు, పైకప్పుకు పిట్టగోడ లేచింది. అక్కడ సండే స్కూలు పిల్లలు కూర్చుంటారు. ఆ ఆలోచన మాది కాదు, అల్లుడు గారిదే.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. మన దేశంలో 2019 నుండి క్రొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, 2022 జనవరి నుండి ముందు సీట్లు రెండింటికీ గాలి సంచులు తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో కార్లకు స్టార్లు ఇస్తున్నారు. పెద్దల రక్షణకు వేరు, పిల్లల రక్షణకు వేరు. షోరూములో రంగు అడిగే ముందు ఆ రెండూ అడగండి. ఇన్సూరెన్సు అక్కడే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. సీటు కవర్లు, పట్టీలు అక్కడే వేయించుకోవలసిన పని లేదు. పాత కారైతే కనీసం వెనుక సీటు బెల్టులు సీటు క్రింద దూరిపోకుండా పైకి తీసి పెట్టండి. వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలని చట్టమే చెబుతున్నది. చీర నలిగితే ఇస్త్రీ చేసుకోవచ్చు.

మోటారు సైకిలు కొనేవారు అద్దాలకు రంగు కాగితాలు, పెద్ద హారను వేయించే ముందు ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లు కొనండి. మీకు ఒకటి, వెనుక కూర్చునే ఆమెకు ఒకటి. నాలుగేండ్ల లోపు పిల్లలకు హెల్మెట్టు, నడిపేవానికి కట్టే పట్టీ ఉండాలని, బండి నలభై కిలోమీటర్ల వేగం మించరాదని 2022లో వెలువడిన నిబంధన చెబుతున్నది. ట్రాక్టరు ఉన్నవారు ట్రక్కు వెనుక ఎర్ర దీపమో, మెరిసే ఎర్ర స్టిక్కరో ఈ వారమే వేయించండి. ఆ స్టిక్కరు ఖరీదు కొద్ది రూపాయలే. అది లేని రాత్రి ఖరీదు మా ఇంట్లో ప్రతి ఉదయం మేము చూస్తూనే ఉన్నాము.

పిల్లల పెంపకంలో కూడా తరువాత చేర్చలేనివి ఉన్నాయి. కుటుంబ ప్రార్థన, అబద్ధమాడని నాలుక, తల్లిదండ్రులతో కూర్చుని తిన్న భోజనం అటువంటివి. మంచి బట్టలు, ఫోను, బండి తరువాత కొనివ్వవచ్చు. పిల్లవానికి పదిహేనేండ్లు వచ్చాక ఐదేండ్లనాటి ప్రార్థనను తెచ్చి అమర్చలేము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో మీరు కలిసి మాట్లాడుకొనుటకు మూడు ప్రశ్నలు:

1. మన ఇంట్లో, మన బండిలో పిట్టగోడ లేని చోటు ఏది?

2. మన కుటుంబంలో ఎవరి కోరిక వెనుక దుఃఖాన్ని మనం అడగకుండా వదిలివేశాము?

3. ఇప్పుడు చేయకపోతే తరువాత చేయలేని పని మన ముందు ఏమున్నది?

ప్రార్థన: ప్రభువా, మా రాకపోకలలో మమ్మును కాపాడుము. మా చేతి సొమ్మును మెరుపుల మీద కాక ప్రాణముల మీద వెచ్చించు వివేకమును మాకిమ్ము. మా అజాగ్రత్త వలన గాయపడినవారిని ఓదార్చుము, మమ్మును క్షమించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.